ఆవిరి గొట్టం మీద జీను

పొయ్యి కుదరడానికే నాలుగు నెలలు పట్టింది. బిందె దొరికింది, మూత దొరికింది, ఆవిరి చల్లబడి నీరయ్యే రాగి గొట్టపు చుట్ట కూడా వారం తిరక్కుండా తయారైంది. కింద పెట్టే నిప్పు దగ్గరే కథంతా ఆగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లు నిప్పు తిన్న మనిషికి నిప్పు కరువేమిటని వీధిలో నవ్వుకున్నారు.

ఆయన్ని అందరూ బాయిలరాయన అంటారు. వీధి వెనక ఉన్న రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ కాసి, కాసి, మోకాళ్లు అరిగాక బయటికొచ్చాడు. దారానికి రంగు వేసే ఫ్యాక్టరీ అది. రంగు దారానికి అంటినంత అంటుతుంది, మిగిలింది కాలవలోకి పోతుంది, కాలవలోంచి నేలలోకి పోతుంది, నేలలోంచి వీధి చివరి బోరులోకి వస్తుంది. ఇది కనిపెట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి తెల్లారేదాకా ఉంచితే అంచున నీలంగా గీత పడుతుంది. ఆ గీతను గోటితో గీకి పారేసి, అదే గ్లాసుతో మళ్లీ తాగడం ఆ వీధికి అలవాటైపోయింది.

భార్య కాళ్లు వాచినప్పుడు బాయిలరాయన ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు చీటీ మీద మందులు రాసి, చివర్లో కలం మూస్తూ అడిగాడు. "ఏ నీళ్లు తాగుతున్నారు?"

"బోరు నీళ్లండి."

"మానెయ్యండి. కిడ్నీలు సగం పోయాయి. మిగిలిన సగం కావాలంటే ఆ నీళ్లు మానెయ్యాలి."

మానెయ్యమన్నాడు కానీ ఏవి తాగాలో చెప్పలేదు. డాక్టర్ల చీటీల్లో నీళ్లకు చోటుండదు. పురపాలక సంఘం కుళాయి ఆ వీధిదాకా రాలేదు. ట్యాంకరు దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. డబ్బాల్లో అమ్మేవాడు ఆ నీళ్లు ఎక్కడ పట్టుకొస్తాడో బాయిలరాయన ఒకసారి వెంటపడి చూశాడు. రెండు వీధుల అవతల బోరు దగ్గర. నేల కింద దాని తల్లీ ఈ బోరు తల్లీ ఒకటే.

అందుకని తనకు తెలిసిన పని చేశాడు. ఫ్యాక్టరీలో రంగు కరిగించే మందు నూనెల్ని మరిగించి, ఆవిరి పట్టి, చల్లార్చి తిరిగి దించే గది ఒకటుండేది. దానికి ఆవిరి పంపింది తనే. నూనె దిగగా లేనిది నీళ్లు దిగవా? మురికి అడుగున ఉండిపోతుంది, నీరు పైకి లేచి పక్క గొట్టంలోంచి చుక్క చుక్కగా పడుతుంది. రోజుకు మూడు లీటర్లు పడితే చాలు, ఒక మనిషికి సరిపోతుంది.

మొదట కట్టెలు. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి రాజేశాడు. కట్టె మంటను ఆయన చూపుతోనే చదవగలడు. ఎప్పుడు ఎగదొయ్యాలో, ఎప్పుడు వెనక్కి లాగాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్లు చక్కగా దిగాయి. కానీ పెరడు పేరుకే పెరడు, నాలుగడుగులు. పొగ తిన్నగా గదిలోకి పోయి మంచం మీదున్న భార్య గొంతులో కూర్చుంది. మూడో రోజుకి ఆమె దగ్గు పక్క వీధికి వినబడింది.

"కిడ్నీని కాపాడబోయి ఊపిరితిత్తులు కాలుస్తున్నారు. ఒకటి తీసి ఒకటి పెట్టే బేరమా?" అందామె, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

ఆ పొగ వల్లే ఇంకో తంటా వచ్చింది. బిందె, గొట్టం, చుట్ట, కింద మంట చూసిన వీధి చివరి తాగుబోతు ఒకడు పట్టపగలే గ్లాసుతో సహా గోడ పక్కకి వచ్చాడు.

"బాబాయ్, మొదటి బోణీ నాదే" అన్నాడు గుసగుసగా.

బాయిలరాయన గ్లాసు నింపాడు. వాడు గటగటా తాగి, కాసేపు నాలుక తిప్పి చూసుకుని, అనుమానంగా మొహం పెట్టాడు. "ఏం సరుకు బాబాయ్ ఇది, అచ్చం నీళ్లలా ఉంది."

"మన వీధిలో నీళ్లలా ఉన్నవి నువ్వెప్పుడు తాగావురా?" అంది మంచం మీంచి ఆవిడ. ఆ వారంలో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

తర్వాత గ్యాసు. పొగ లేదు, కానీ రెండు నెలలొచ్చే సిలిండరు మూడు వారాలకే బుసకొట్టి ఆరిపోయింది. పగటిపూట మూడు గంటలు నీళ్లకే మండితే వంటకి ఏం మిగులుతుంది? ఆ తర్వాత కరెంటు కడ్డీ. నీళ్లలో వేసి స్విచ్చి నొక్కగానే గోడ అవతల కుట్టుమిషను ఆగిపోయింది.

"బాబాయ్!" అని అవతలి నుంచి కేక. "నా మిషను గొంతు పిసికింది నువ్వేనా?"

ఆ వరసలో పదహారు ఇళ్లకీ ఒకటే సన్నపు తీగ. ఆయన కడ్డీ పెడితే టైలరమ్మ మిషను ఆగుతుంది, ఆమె మిషను నడిస్తే ఆయన నీళ్లు కాగవు. ఆమె కూలి ఆ మిషను మీద ఉంది. ఆయన కడ్డీ తీసేశాడు. ఎండలో గాజు పలక కింద పెట్టి కూడా చూశాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక చెంబు. మబ్బు పట్టిన రోజు అదీ లేదు.

మిగిలింది గొట్టం.

ఫ్యాక్టరీ ఆవిరి గొట్టం గోడకి బయటివైపు, వీధి వెంబడి, మనిషి నడుమెత్తున పోతుంది. లోపల చోటు చాలక, కొత్త షెడ్డుకి ఆవిరి తీసుకెళ్లడానికి బయట వేశారు. వేడి పోకుండా పైన చుట్టిన పీచు చాలాచోట్ల ఊడిపోయి ఇనుము బయటపడింది. ఆడవాళ్లు దూరంగా కర్ర కట్టి దాని వేడికి బట్టలు ఆరబెట్టుకుంటారు. పిల్లలకి అది దెబ్బల గొట్టం. వీధిలో పెరిగిన ప్రతి పిల్ల మోచేతి మీదా దాని మచ్చ ఒకటుంటుంది. రాత్రీ పగలూ కాలుతూనే ఉంటుంది. పొగ లేదు, ఎవరి తీగా లాగదు, ఎవరి సిలిండరూ తినదు.

గొట్టం చివర కారే వేణ్నీళ్లే పట్టుకోవచ్చుగా అన్నారొకరు. "అవి తాగితే డాక్టరు దాకా కూడా వెళ్లక్కర్లేదు. బాయిలరు తుప్పు పట్టకుండా అందులో ఏం పోస్తారో నన్నడుగు" అన్నాడాయన. ఆయనకి కావలసింది ఆ నీళ్లు కాదు, గొట్టం ఒంటి మీది వేడి.

గిన్నెలకి మాట్లు వేసే అతని దగ్గరికి వెళ్లి రాగి బిందె ఒకటి చూపించాడు. "దీని అడుగు కోసేసి, లోపలికి వంచిన రేకు వెయ్యాలి. గొట్టం మీద కూర్చోవాలి, గుర్రం మీద జీనులాగా."

"గుర్రం ఎవరిదన్నా?" అన్నాడతను.

"కంపెనీది."

"తన్నదుగా?"

"దాన్ని ముప్ఫై ఒక్క ఏళ్లు మేపింది నేనే. నన్నెందుకు తంతుంది?"

అతను నవ్వి పని మొదలుపెట్టాడు. లోపల కళాయి పూసేటప్పుడు బాయిలరాయన పక్కనే కూర్చున్నాడు. తగరంలో సీసం కలవకుండా కళ్లారా చూసుకున్నాడు. విషం తప్పించుకోబోయి విషం పూసుకున్నట్టు కాకూడదని.

జీను బిందె తయారైంది. మోసుకొచ్చి గొట్టం దాకా తెచ్చి, అక్కడ ఆగిపోయాడు.

ఆయన ఆగింది భయంతో కాదు. ఆవిరి లైను మీద ఏ పని చెయ్యాలన్నా పర్మిట్ ఉండాలి. నాలుగు గళ్ల కాగితం. లైను నంబరు, ప్రెషరు, చేసే పని, ఎప్పటివరకు. కింద రెండు సంతకాలు. పని అయ్యాక లైను అప్పగిస్తూ మళ్లీ రెండు సంతకాలు. ఒకసారి పర్మిట్ లేకుండా బిగింపు విప్పిన కుర్రాడి మొహం ఎలా అయిందో ఆయన చూశాడు. ఆ రోజు నుంచి కాగితం లేకుండా లైనుని వేలితో కూడా తాకలేదు. అందరూ దొంగతనంగా బట్టలారేసుకునే గొట్టం దగ్గర, అడిగి పెట్టుకుందామనుకున్నవాడు ఆయనొక్కడే.

"అది వీధిలోకి వచ్చేటప్పుడు వీధిని ఎవరైనా పర్మిట్ అడిగారా బాబాయ్?" అంది టైలరమ్మ, దారం కొరుకుతూ. "పెట్టెయ్. ఎవడొస్తాడో నేను చూస్తాను."

నీళ్ల మీద ఫిర్యాదు నడుపుతున్నది ఆమే. రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగి సంతకాలు పట్టింది, ఆఫీసుల మెట్లు ఎక్కి దిగింది. ఆమె కూతురి చేతుల మీద చర్మం పొట్టు రాలుతుంది. ఎట్టకేలకు విచారణకి తేదీ వేశారు. ఇంకో నెలన్నర ఉంది.

"పని పద్ధతి అది కాదమ్మా" అని బాయిలరాయన గేటు దగ్గరికి నడిచాడు.

మేనేజరు లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. ఉద్యోగంలో ఉండగా ఆ గదిలో ఆయనకి కుర్చీ దొరకలేదు. విషయం విని మేనేజరు చాలా బాధపడ్డాడు. "దీనికి ఇంత మొహమాటం ఎందుకు పెద్దాయనా? మీరు మావాళ్లు కాదూ?" అన్నాడు. సాయంత్రానికి పర్మిట్ వచ్చింది. అదే కాగితం, అవే నాలుగు గళ్లు. లైను నంబరు సరిగ్గా ఉందో లేదో చూశాడు. ప్రెషరు చూశాడు. వేల సార్లు సంతకం పెట్టిన చోట చెయ్యి దానంతటదే కదిలింది. నాలుగు గళ్ల కింద ఐదో గడి ఉంది. అది ఎప్పుడూ ఉండేది కాదు కనుక కంటికి ఆనలేదు.

మర్నాడు జీను గొట్టం మీద కూర్చుంది. లైను మీద పని జరుగుతున్నట్టు ఎర్ర చీటీ కూడా కట్టాడు. గంటన్నరకి లీటరు చొప్పున నీళ్లు దిగాయి. మొదటి గ్లాసు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. వాసన చూసి, మొహం పక్కకి తిప్పుకుని పారబోసేవాడు. నీళ్లకంటే ముందు మరిగేది ఏదో అందులో ఉంది. ముందొచ్చేది మనది కాదని ఆ నూనెల గదిలో నేర్చుకున్నాడు. వారానికోసారి అడుగు గీకితే నీలమూ ఎరుపూ కలిసిన గార పెచ్చులుగా వచ్చేది. దాన్ని కాగితంలో పొట్లం కట్టి, తేదీ వేసి, అటక మీద పెట్టేవాడు.

"వీటికి రుచీ పచీ లేదు. అచ్చం మీ మాటల్లాగే" అంది భార్య మొదటి గుక్క మింగి. అని, గ్లాసు మొత్తం తాగింది. పది రోజులకి పాదాల వాపు కొంచెం దిగింది. మంచం దిగి గుమ్మం దాకా వచ్చి గోడవైపు చూసింది. "పోన్లెండి, ఇన్నాళ్లకి మీ కంపెనీ మనకోటి పెట్టింది."

విచారణ వార్డు ఆఫీసు హాల్లో జరిగింది. విచారణాధికారి ఒక నడివయసు ఆవిడ, కళ్లజోడు మీదుగా చూసే మనిషి. టైలరమ్మ సంతకాల కట్ట బల్ల మీద పెట్టి, కూతురి చేతులు చూపించి, తడుముకోకుండా మాట్లాడింది. వీధి వాళ్లు నలభై మంది దాకా గోడవారన నిలబడ్డారు. తర్వాత మేనేజరు లేచాడు. ఎక్కువ మాట్లాడలేదు. ఒక కాగితం నకలు మాత్రం ఇచ్చాడు.

అధికారి ఐదో గడి పైకి చదివింది. "సంస్థ సంక్షేమ కార్యక్రమంలో భాగంగా వీధివాసులకు శుద్ధమైన తాగునీటి నిమిత్తం ఉచితంగా ఆవిరి సమకూర్చడమైనది. వీధివాసుల తరఫున స్వీకరించినవారు..." తలెత్తింది. "ఈ సంతకం ఎవరిది?"

బాయిలరాయన ముందుకొచ్చాడు. "నాదే మేడమ్."

"అంటే మీకు మంచినీళ్లు అందుతున్నాయి."

"వాళ్లిచ్చింది వేడి మేడమ్. నీళ్లు ఆ బోరువే. నేను కాచుకుంటున్నాను."

"కాచుకున్నాక బాగుంటున్నాయా, లేదా?"

అబద్ధమాడాలని ఆయనకి తోచలేదు. తోచినా నోరు తిరిగేది కాదు. "బాగుంటున్నాయి."

ఆమె రాసుకుంది. ఆయన జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. "ఇది అడుగున మిగిలేది మేడమ్. ఇది కూడా రాయండి. జనం కడుపులోకి పోయేది ఇదే."

"ల్యాబు సర్టిఫికెట్ ఉందా?"

"ల్యాబా? లేదు. బిందె అడుగునుంచి నేనే గీకాను."

ఆమె పొట్లాన్ని రెండు వేళ్లతో ఆయనవైపు జరిపింది. ప్రత్యామ్నాయ తాగునీటి ఏర్పాటు ఉన్నందున ఫిర్యాదు ముగించడమైనదని, పరిస్థితి మారినచో మరల దరఖాస్తు చేసుకోవచ్చునని చెప్పి, ఇంకో దస్త్రం తెరిచింది. పదహారిళ్ల గొంతులు ఒక్క బిందెకి సరిపెట్టేశారు. ఇలాంటి లెక్క మన ఆఫీసుల్లో ఎవరికీ తప్పుగా కనపడదు.

బయట మెట్ల మీద అందరూ ఆయన్ని దాటుకుని దిగిపోయారు. ఏమైనా అని ఉంటే బాగుండేది. ఇంటి దగ్గరికొచ్చాక టైలరమ్మే అంది, గొంతు పెంచకుండా. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్ట కాల్చుకోడానికి నిప్పడిగాడట ఇంకొకడు. మనది అంతకంటే చోద్యం బాబాయ్. ఇల్లు కాల్చినవాడి దగ్గరికే పోయి, కాస్త నిప్పివ్వండి బాబూ అని సంతకం పెట్టి తెచ్చుకున్నాం."

"చదవలేదమ్మా. నాలుగు గళ్లే ఉంటాయనుకున్నాను."

"నీ తప్పు నువ్వు చదవకపోవడం కాదు. అడగడం."

ఆమె లోపలికి వెళ్లింది. ఆ రోజు మిషను చప్పుడు వినబడలేదు.

బాయిలరాయన మంచం పక్కన కూర్చున్నాడు. జరిగింది చెప్పక ముందే భార్యకి తెలిసింది. ఆ గోడలకి మాటలు ఆపే దమ్ము లేదు.

"జీను దింపెయ్యండి" అంది.

"నువ్వేం తాగుతావ్?"

"మీరేది కాస్తే అది."

"కట్టెలంటే నీకు దగ్గు."

"దగ్గుతుంటే ఊపిరి ఉన్నట్టేగా." కొంగు సర్దుకుని, "గుమ్మంలో కూర్చుంటే ఆ పిల్ల చేతులు కనపడతాయండీ రోజూ. ఆ చేతులు చూస్తూ ఈ నీళ్లు మింగమంటే నా వల్ల కాదు" అంది.

ఆయనకి దింపడం ఇష్టం లేదు. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. వీధి ఏమైపోయినా సరే, ఆ పాదాల వాపు దిగితే చాలనుకున్నాడు ఆ పూటంతా. మర్నాడు కూడా అనుకున్నాడు. మూడో రోజు ఆమె గ్లాసు అలాగే నిండుగా ఉంచి, మొహం గోడవైపు తిప్పుకుంది. అప్పుడు గొట్టం దగ్గరికెళ్లి, గుడ్డలు చుట్టిన చేతులతో జీను లేపాడు. లేపినచోట ఇనుము మెరుస్తోంది.

పర్మిట్ మూయించడానికి గేటుకెళ్లాడు. ఈసారి కుర్చీ లేదు, లోపలికి పిలుపూ లేదు. మేనేజరే గేటు దాకా వచ్చాడు.

"ఎందుకు పెద్దాయనా తొందర? ఆవిడ ఆరోగ్యం చూసుకోండి. ఉంచుకోండి."

"లైను అప్పగించాలండి. ఇక్కడ మీ సంతకం కావాలి."

"మేం తీసెయ్యమనలేదుగా. మా తరఫున పర్మిట్ ఎప్పటికీ ఉన్నట్టే" అని నవ్వి వెళ్లిపోయాడు.

బాయిలరాయన గేటు దగ్గరే నిలబడి కాగితం గోడకి ఆనించి, అప్పగింత సంతకాల పైన తన రాత రాశాడు. 'జీను తీసేశాను. లైను ఖాళీ. నీళ్లు మారలేదు.' కింద సంతకం పెట్టాడు. పక్క సంతకం చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆయన చేతి మీదుగా నడిచినవాటిలో సగంలో ఆగిపోయిన పర్మిట్ అదొక్కటే. టైలరమ్మ దాన్ని కొత్త ఫిర్యాదుకి జతచేసింది. మళ్లీ ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. మొదటి సంతకం ఆయన్ని పెట్టమంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, మొత్తం రెండుసార్లు చదివాకే పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఆయనకీ తెలుసు.

పెరట్లో పొగ కుదరదు కనుక ఇటుకలు మోసుకుపోయి వీధి చివర, గోడవారన పెట్టాడు. గాలి అటునుంచి ఇటు రాదు. వడ్రంగి ఇచ్చిన చెక్కముక్కలు, పదహారిళ్ల వాళ్లు తలా ఒకటి పడేసి పోయే పుల్లలు. పాత బిందె, పాత చుట్ట. పొయ్యి ముందు కూర్చుంటే ఆయన నెత్తికి జానెడు పైన ఆవిరి గొట్టం పోతోంది. రెండు గంటలు ఊదితే గానీ నీళ్లు మరగవు. ఊది ఊది కళ్లు ఎర్రబడతాయి. చెయ్యి చాపితే అందే చోట అంత వేడి ఉట్టినే పోతుంటే, తడి చెక్కను బతిమాలుతూ కూర్చుంటాడు.

కంపెనీ వాళ్లు వచ్చి ఆ మేరకు గొట్టానికి కొత్త పీచు చుట్టి తెల్ల రంగు వేసిపోయారు. నెల తిరిగేసరికి పొగకి నల్లబడింది.

ఒక మధ్యాహ్నం వాన పట్టింది. నిప్పు ఆరిపోయేలోపు పడినవి గ్లాసున్నర. మూత పెట్టి, చొక్కా కింద దాచుకుని ఇంటికి తెచ్చాడు. ఆమె పాదాలు మళ్లీ వాచాయి. ఈసారి వాపు పిక్కల దాకా ఎక్కింది. తల కింద చెయ్యి వేసి లేపి గ్లాసు అందించాడు.

రెండు గుక్కలు తాగి ఆగింది. "పొగ వాసనొస్తోంది" అంది.

"వానకి కట్టెలు తడిశాయి."

"ఫర్లేదు, మనదే కదా పొగ" అని, ఇంకో గుక్క తాగి, మిగిలింది తర్వాతకి దాచమంది.

ఆయన గ్లాసు మీద మూత పెట్టాడు. గోడ అవతల మిషను నడుస్తోంది. తడిసిన చెక్కముక్కలు రేపటికి ఆరాలి. వీధి చివరికెళ్లి వాటిని ఎక్కడ ఆరబెట్టాలా అని చూస్తే, వీధిలో వేడిగా ఉన్నది ఆ గొట్టం ఒక్కటే. ఆయన చెక్కల్ని చంకన పెట్టుకుని తిరిగొచ్చి, మంచం కింద, ఆమె చెప్పుల పక్కన, ఒక్కొక్కటిగా పరిచాడు.